మంచం పక్కన ఒక కాగితం, నాలుగు రంగులు

(ఆత్తిపట్టులో యవ్వనస్తుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సాయంత్రం మన అంశం ఇది. క్యాన్సర్‌తో ఉన్నవాళ్ళకి, వాళ్ళ పక్కనే ఉండి చూసుకునేవాళ్ళకి బొమ్మలు వెయ్యడం, రంగులు దిద్దడం, చేత్తో ఏదైనా తయారు చెయ్యడం ఎలా తోడవుతుంది? వినగానే పెద్దవాళ్ళలో కొందరికి అనిపించి ఉంటుంది: ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకి బొమ్మలెందుకు, మందు కావాలి, డబ్బు కావాలి, ప్రార్థన కావాలి కదా అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పేముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఏ బొమ్మా కణితిని కరిగించదు. ఆపరేషనుకి, కీమోకి, రేడియేషనుకి బదులుగా దీన్ని మేము చెప్పడం లేదు. మందులు ఆపేసి మా కూటానికి రండి అని పిలిచేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆ వరసలో ఇంకొకరుగా నిలబడడానికి మేము రాలేదు. చికిత్స జరుగుతున్నన్నాళ్ళూ ఆ మనిషి మనిషిగా మిగలాలంటే ఏం కావాలి? మన మాటంతా దాని గురించే.

ముందు మన ప్రాంతం సంగతి చూద్దాం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీత మారింది గాని చాలా ఇళ్ళలో మాట మారలేదు. బస్సు బోర్డు తమిళంలో చదువుతాం, ఇంట్లో తెలుగులో ప్రార్థన చేసుకుంటాం. ఇది మనకి కష్టంగా కనిపించవచ్చు గాని, ఆసుపత్రి గేటు దగ్గర ఇదే మన వరం. ఎందుకో తరవాత చెబుతాం.

క్యాన్సర్ అని తేలితే ఇటువైపు వాళ్ళు ఎక్కువగా చెన్నై అడయారుకో, వెల్లూరు సి.ఎం.సి.కో వెళ్తారు. నెల్లూరు, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళూ అక్కడికే వస్తారు. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో 12 పడకలతో మొదలైంది. దాన్ని స్థాపించిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తన సొంత చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోవడం చూసినావిడ. అంటే ఆ సంస్థ ఒక డాక్టరు ఆలోచన నుంచి ఎంత పుట్టిందో, రోగి పక్కన కూర్చున్న ఒక అక్క దుఃఖం నుంచీ అంతే పుట్టింది. 1955లో అక్కడ చేరిన డాక్టర్ వి. శాంత 2021 జనవరిలో కన్నుమూసేదాకా ఆ ఆవరణనే ఇల్లుగా చేసుకుని పనిచేశారు. డబ్బు లేదని ఎవరినీ వెనక్కి పంపకూడదన్నది ఆవిడ పట్టుదల. వైద్యం పక్కన కరుణ నిలబడాలని మనకి చూపించినవాళ్ళు వీళ్ళు.

ఇప్పుడు రోగి రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఆలోచించండి. పేరు పిలిస్తే లేవాలి. చెయ్యి చాపమంటే చాపాలి. రక్తం తీస్తారు, సూది ఎక్కిస్తారు, పడుకోమంటారు, ఊపిరి బిగపట్టమంటారు. ఎప్పుడు తినాలో, ఏం తినకూడదో వేరేవాళ్ళు చెబుతారు. జుట్టు రాలడం, కడుపు తిప్పడం, నిద్ర పట్టకపోవడం, ఇవేవీ ఆ మనిషి అడిగి తెచ్చుకున్నవి కావు. ఇదంతా అవసరమే, మంచికే. కానీ నెలల తరబడి ఇలాగే జరిగితే ఆ మనిషికి తన చేతులతో తను చేసే పని ఒక్కటీ మిగలదు. నిన్నటిదాకా పదిమందికి వండి పెట్టిన తల్లి, మగ్గం మీద రోజుకి ఎనిమిది గంటలు కూర్చున్న తండ్రి, ఇవాళ చేయించుకునే మనిషిగా మిగిలిపోతారు.

అలాంటి మనిషి ముందు ఒక కాగితం, నాలుగు రంగులు పెట్టండి. ఏ రంగు తియ్యాలో ఆ మనిషే ఎంచుకోవాలి. గీత ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో వేరే ఎవరూ చెప్పరు. వద్దనిపిస్తే వద్దనవచ్చు. సూదిని వద్దనలేని మనిషికి, కాగితాన్ని వద్దనే హక్కు ఇవ్వడం కూడా చిన్న విషయం కాదు. ఈ ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి: చేయించుకునే మనిషి కొంతసేపు మళ్ళీ చేసే మనిషి అవుతాడు. తోడు అంటే మా ఉద్దేశంలో అదే.

ఒక నేత పనాయన ముందు మేము కాగితం పెట్టాం. నాకు బొమ్మలు రావయ్యా అన్నారాయన. కాసేపటికి పెన్సిలు తీసుకుని చీర అంచు గీశారు. ముప్పై ఏళ్ళు నేసిన అంచు, లెక్క తప్పకుండా. గీస్తూ దారం ధర గురించి, మేస్త్రీ దగ్గర తీసుకున్న అప్పు గురించి, ఇంటర్ చదివే కూతురి గురించి చెప్పారు. అంతకుముందు ఎలా ఉందని ఎవరడిగినా బాగానే ఉంది అనేవారు. కాగితం మీద చూపు ఉన్నప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడక్కర్లేదు. అప్పుడు నోరు తేలిగ్గా తెరుచుకుంటుంది. మగవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం.

దీనికి వైద్యంలో కూడా ఒక ఆధారం ఉంది. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అనే క్రైస్తవ వైద్యురాలు 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించింది. బతుకు చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకి నొప్పి లేకుండా, గౌరవంగా చూసుకునే ఆధునిక ఉద్యమానికి అదే నాంది. రోగి బాధ ఒకటి కాదు, నాలుగు కలిసినది అని ఆమె నేర్పింది. ఒళ్ళు నొప్పి, మనసు నొప్పి, ఇల్లూ డబ్బూ బంధువుల నొప్పి, ఆత్మ నొప్పి. నాలుగూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మన మాటలో చెప్పాలంటే, మార్ఫిన్ ఒంటి నొప్పిని తగ్గిస్తుంది, తాకట్టు పెట్టిన తాళిబొట్టు నొప్పిని తగ్గించదు. ఆమె భర్త మరియన్ పోలండు దేశపు చిత్రకారుడు. ఆయన వేసిన చిత్రాలు ఆ హాస్పిస్ గోడల మీదే ఉండేవి. అక్కడ రంగులు వైద్యానికి అడ్డం రాలేదు, పక్కనే నిలబడ్డాయి.

ఇంకో ఉదాహరణ చూడండి. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు హెన్రీ మతీస్ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1941లో ఆయనకి పేగు క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ జరిగింది. తరవాత ఎక్కువసేపు నిలబడి బొమ్మలు వెయ్యలేకపోయాడు. అప్పుడు కత్తెర పట్టుకున్నాడు. సహాయకులు కాగితాలకి రంగు పూసి ఇస్తే, కుర్చీలోనో మంచం మీదో కూర్చుని ఆకులు, పక్షులు, నక్షత్రాలు కత్తిరించేవాడు. 1942లో ఒక యువతి నర్సుగా ఆయన్ని చూసుకుంది. ఆ అమ్మాయి తరవాత సన్యాసిని అయింది. వాన్స్ అనే ఊళ్ళో తమ సిస్టర్లకి ఒక ప్రార్థనా మందిరం కావలసి వచ్చినప్పుడు ఆమె మాట మీదే ఆయన ఆ పనిలోకి దిగాడు. 1951లో ఆ మందిరం పూర్తయింది. ఆయన గొప్ప చిత్రకారుడు, మనం కాదు. నిజమే. కానీ కత్తెర, రంగు కాగితం మనింట్లోనూ ఉంటాయి. రోగి, చూసుకున్న మనిషి, రంగు పూసి ఇచ్చిన సహాయకులు, అందరి చేతులూ కలిస్తేనే ఆ పని జరిగిందన్నది మనం పట్టుకోవలసిన పాఠం.

పరిశోధనలు ఏమంటున్నాయని చదువుకున్న తమ్ముళ్ళు అడుగుతారు. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది ఆరోగ్యవంతుల చేత 45 నిమిషాలు బొమ్మలు వేయించింది. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోనుని ముందూ తరవాతా కొలిచారు. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. బొమ్మలు వెయ్యడం ముందే వచ్చినా రాకపోయినా ఫలితంలో పెద్ద తేడా లేదు. 2019లో అదే పరిశోధకురాలి బృందం ఒక రేడియేషన్ విభాగంలో రోగుల్ని చూసుకునేవాళ్ళతో, అంటే సిబ్బందితోనూ ఇంటివాళ్ళతోనూ, ఇలాంటి అధ్యయనమే చేసింది. ఒక్క 45 నిమిషాల కూర్చోవడంతోనే ఆందోళన, ఒత్తిడి తగ్గినట్టు వాళ్ళు చెప్పారు. ఇవి చిన్న అధ్యయనాలు, వీటి మీద మేడలు కట్టొద్దు. అయితే అదే 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 3000కు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలకు ఆరోగ్యంలో నిజమైన పాత్ర ఉందని నివేదిక ఇచ్చింది. అద్భుతం జరుగుతుందని ఎవరూ అనలేదు. భారం కొంత తగ్గుతుందన్నారు. మోస్తున్నవాళ్ళకి ఆ కొంత చాలా ఎక్కువ.

ఇప్పుడు సంఘం సంగతికి వద్దాం. ఎవరికైనా క్యాన్సర్ అని తెలియగానే పరామర్శకి వెళ్ళే విశ్వాసుల నోట కొన్ని మాటలు వినపడతాయి. ఏదో దాచిన పాపం ఉందేమో ఒప్పుకో అమ్మా. విశ్వాసం గట్టిగా ఉంటే ఇది నిలవదు. దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడు. ఈ మాటలు విన్న తల్లి రాత్రంతా నిద్రపోకుండా తన బతుకంతా తవ్వుకుంటుంది, తప్పు ఎక్కడుందా అని. కణితి ఒక బరువైతే ఈ నింద రెండో బరువు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు యేసుప్రభువు ఆ లెక్కనే కొట్టేశారు. మనం దాన్ని మళ్ళీ తెరవకూడదు.

యోబు స్నేహితుల్ని గుర్తు తెచ్చుకోండి. వాళ్ళు వచ్చి ఏడు రోజులు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడైంది. చివరికి దేవుడే వాళ్ళ మాటలు సరికావన్నాడు. మనకి మౌనంగా కూర్చోవడం రాదు. రెండు నిమిషాలు గడిస్తే ఏదో ఒక వాక్యం చెప్పెయ్యాలనిపిస్తుంది. అందుకే చేతికి ఒక పని కావాలి. రోగి ఒక ఆకుకి రంగు వేస్తుంటే పక్కనే మీరూ ఒక ఆకుకి రంగు వెయ్యండి. అప్పుడు మౌనం ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. ఏడుపు వస్తే రానివ్వండి. కోపం వచ్చి కాగితం చింపితే చింపనివ్వండి. దావీదు కూడా దేవుడి ముందు మొర పెట్టాడు, నిలదీశాడు. ఆయన కీర్తనలు బైబిల్లో ఉన్నాయి, ఎవరూ తీసెయ్యలేదు.

బొమ్మలు విగ్రహాల దారి పట్టిస్తాయేమో అని భయపడే పెద్దలకి నిర్గమకాండం 31వ అధ్యాయం చదవమని మనవి. అక్కడ దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి తన ఆత్మతో నింపాడు. చెక్కడానికి, రత్నాలు పొదగడానికి. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏం చేశారో చూడండి. ఏడుస్తూ, ఆమె తమకి కుట్టిన వస్త్రాలు తెచ్చి పేతురుకి చూపించారు. వాళ్ళ దుఃఖానికి మాట చాలలేదు, గుడ్డ కావలసి వచ్చింది. లూకా వైద్యుడని పౌలు రాశాడు. ఆయన చిత్రకారుడు కూడా అని సంఘ సంప్రదాయం చెబుతుంది. మన తెలుగు లూథరన్ పాదిరి, బాతిక్ గుడ్డల మీదా చెక్క అచ్చులతోనూ సువార్తని చిత్రించిన డాక్టర్ పి. సాల్మన్ రాజు గారు విజయవాడలో తన కళాశ్రమానికి లూకా పేరే పెట్టుకున్నారు. వైద్యం, కళ ఒకే పేరులో ఇమిడాయి. ఇది మనకి పరాయి సంగతి కాదు.

ఇక చూసుకునేవాళ్ళ గురించి. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాం. ఆసుపత్రికి వచ్చినవాళ్ళంతా రోగిని ఎలా ఉందమ్మా అని అడుగుతారు. పక్కనున్న మనిషిని కూడా ఆయనకి ఎలా ఉంది అనే అడుగుతారు. నీకెలా ఉంది అని ఆమెను ఎవరూ అడగరు. ఆమె అని ఎందుకంటున్నామో మీకు తెలుసు. భర్తకి జబ్బు చేస్తే భార్య ఉంటుంది. భార్యకి జబ్బు చేస్తే ఆమె తల్లో, అక్కో, కాలేజీ మానేసిన కూతురో ఉంటుంది. కూలి పోతుంది, నిద్ర పోతుంది, తన బీపీ మాత్రలు తనే మర్చిపోతుంది. వరండాలో చాప మీద పడుకుంటుంది. ఇది ప్రేమ అని మనం పొగుడుతాం. పొగిడి ఊరుకోవడం అన్యాయం. ప్రేమతో చేసే పని కూడా పనే, ఆ పనికి విశ్రాంతి కావాలి.

ఆ తల్లికి డ్రాయింగ్ పుస్తకం ఇస్తే నాకెందుకు బాబూ అంటుంది. ఆమెకి చేతనైనవే అడగండి. చుక్కలు పెట్టి ముగ్గు వెయ్యమనండి, కాగితం మీదే. ముగ్గు మనది కాదనే సంఘాలు ఉన్నాయని తెలుసు. కానీ చుక్కలు లెక్కపెట్టి గీత తెగకుండా కలపడంలో ఉన్న నెమ్మది ఏ మతానికీ రాసిచ్చింది కాదు. లేదా బొంత కుట్టమనండి. పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి కుట్టే బొంత మన అమ్మమ్మలు నేర్పిన కళ. చూడడానికి వచ్చిన ప్రతి చుట్టమూ పళ్ళతో పాటు ఒక గుడ్డ ముక్క తెచ్చి, కూర్చుని నాలుగు కుట్లు వేసి వెళ్తే, పరామర్శ మాటల్లో ఆవిరైపోకుండా కప్పుకునే వస్తువుగా మిగులుతుంది. ఆ మనిషి రేపు లేకపోయినా ఆ బొంత పిల్లల మీద ఉంటుంది.

వెళ్ళేవాళ్ళు తప్పకుండా పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, వార్డు నర్సమ్మ అనుమతి. కీమో తరవాత రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది. జలుబు, దగ్గు ఉంటే ఆ వారం వెళ్ళకండి. చేతులు కడుక్కోండి. ఒకరు వాడిన పెన్సిళ్ళు, బ్రష్షులు ఇంకొకరికి ఇవ్వకండి, ఎవరి డబ్బా వాళ్ళకే. పచ్చి మట్టి, ఎండుటాకులు, పూలు వద్దు, వాటిలో క్రిములు ఉండవచ్చు. టర్పెంటైన్ వాసన వచ్చే రంగులు అసలే వద్దు, కడుపు తిప్పుతున్న మనిషికి అది నరకం. కొన్ని మందుల వల్ల వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, సన్నని పెన్సిలు జారిపోతుంది, లావు క్రేయాన్లు తీసుకెళ్ళండి. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్ళకి సూది, కత్తెర ఇవ్వకూడదు. కుట్టేపని చూసుకునేవాళ్ళకి, రంగు ఎంచే పని రోగికి ఇవ్వండి. పదిహేను నిమిషాలకి అలసిపోతే అక్కడితో ఆపండి.

రెండోది, మన నోరు. ఇదేం బొమ్మ అని అడగొద్దు. భలే వేశారే అని మార్కులు వెయ్యొద్దు. నల్లరంగు వాడితే దిగులు, పచ్చరంగు వాడితే ఆశ అని అర్థాలు తియ్యొద్దు. ఆ తీర్పు చెప్పడానికి మనం ఎవరం? దీని గురించి చెబుతారా అని అడిగి ఊరుకోండి. చెబితే వినండి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. వాళ్ళ బొమ్మ వాళ్ళ సొత్తు, మన సేవకి సాక్ష్యం కాదు.

మూడోది, మన హద్దు. ఆర్ట్ థెరపీ అనేది చదివి, శిక్షణ పొంది చేసే వృత్తి. 1940లలో, క్షయ నుంచి కోలుకుంటూ బొమ్మలు వేసుకున్న ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు ఆ పేరు పెట్టాడు. మనం థెరపిస్టులం కాము, పక్కన కూర్చునే పొరుగువాళ్ళం. ఎవరైనా బతకాలని లేదు అంటే అది రహస్యంగా దాచుకునే మాట కాదు. వెంటనే డాక్టరుకి, నర్సుకి చెప్పాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఈ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసుకోండి.

మొదట్లో ఆపిన మాట దగ్గరికి వస్తాం. ఆంధ్ర నుంచి చెన్నైకో వెల్లూరుకో వచ్చిన రోగికి తమిళం రాదు. చీటీ మీద ఏముందో తెలియదు, ఏ కౌంటరుకి వెళ్ళాలో తెలియదు. వారాల తరబడి రేడియేషన్ కోసం అద్దె గదుల్లో ఉంటారు. రోజూ కొన్ని నిమిషాల చికిత్స, మిగతా రోజంతా గోడలు. మీకు రెండు భాషలూ వచ్చు. ఆ గదిలో మీరు తలుపు తట్టి, తెలుగులో అక్కా, పెద్దయ్యా అని పిలిస్తే సగం ఊరు వచ్చినట్టు ఉంటుంది. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ కేంద్రాలు క్యాన్సర్ వచ్చిన పిల్లలకీ తల్లిదండ్రులకీ ఉచితంగా గది ఇచ్చి, ఆటకీ చదువుకీ బొమ్మలకీ చోటిస్తున్నాయి. చెన్నైలో, వెల్లూరులో, హైదరాబాదులో కూడా ఉన్నాయి. పెద్దవాళ్ళకి అలాంటి చోటు దొరకడం కష్టం. మన సంఘాల మందిరాలు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. ఆ తాళాల గురించి పెద్దలు ఆలోచించాలి.

బొమ్మల పేరు చెప్పి అసలు హక్కుల్ని మర్చిపోవద్దు. ప్రభుత్వ బీమా పత్రాలు నింపడం, నొప్పి తగ్గించే మందు అందేలా అడగడం, కూలి పోయిన ఇంటికి బియ్యం చేర్చడం, ఇవి కూడా మన పనే. ఆకలితో ఉన్నవాడికి క్రేయాన్లు ఇస్తే అది ఎగతాళి అవుతుంది. అన్నం సంచీలోనే రంగుల డబ్బా కూడా పెట్టండి.

యవ్వనస్తులారా, ఇద్దరిద్దరుగా జతలు కట్టండి. నెలలో ఒక్క శనివారం ఇవ్వండి. సంచీలో తెల్లకాగితాలు, లావు క్రేయాన్లు, రెండు మెత్తని గుడ్డ ముక్కలు, ఒక సబ్బు పెట్టుకోండి. మొదటి పలకరింపు రోగిని చూసుకునే మనిషికి ఇవ్వండి: అమ్మా, మీరు తిన్నారా? గంటసేపు మేము కూర్చుంటాం, మీరు వెళ్ళి స్నానం చేసి రండి. ఆ గంటలో లోపల ఒక మనిషి ఎర్ర రంగు తియ్యాలా, నీలం తియ్యాలా అని ఆలోచిస్తూ ఉంటాడు. తొందరపెట్టకండి. వాళ్ళే ఎంచుకోనివ్వండి.

 దేవుడు మన చేతుల పనిని దీవించును గాక.